పుట్టుమచ్చలు అని రాశాను

మా ఆయన పోయిన ఎనిమిదో నెలలో మా వదిన రెండు కరపత్రాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండూ జగదల్‌పూర్‌లోని ఒకే చర్మవైద్యుల క్లినిక్‌వి. రెండింటి మీదా ఒకే ఆడమనిషి బొమ్మ ఉంది. సగం ముఖం ముడతలతో, సగం ముఖం నున్నగా.

వదిన అంటే ఆయన అక్క. కిరండూల్ బజారులో ముప్పై ఏళ్ళుగా బ్యూటీ పార్లర్ నడుపుతోంది. నేను బచేలిలో ఒక బడి లైబ్రరీలో పనిచేస్తాను. మధ్య అరగంట దారి. ఆయన పోయినప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. ఇద్దరం వండుకుని తినేవాళ్ళం. ఆయన మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

"సదివి సెప్పు. పుస్తకాల మనిషివి కదా. ఏది మంచిదో నువ్వే తేల్చు," అంది.

చదివాను. మొదటి రకం లేజరు పైచర్మాన్ని సన్నసన్నని చుక్కలుగా కాల్చేస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య మంచి చర్మాన్ని వదులుతుంది. వారం పది రోజులు ముఖం ఎర్రబడి పొట్టు రాలుతుంది. ఎండలోకి వెళ్ళకూడదు. కానీ ఒకటి రెండు సార్లతోనే తేడా కనిపిస్తుంది. రెండో రకం పైచర్మాన్ని ముట్టుకోదు, లోపలి పొరను వేడి చేస్తుంది. రెండు రోజుల ఎరుపు, అంతే. అయితే చాలాసార్లు వెళ్ళాలి, ఫలితం నెమ్మదిగా వస్తుంది, కొంచెమే వస్తుంది.

"అయితే మొదటిది పోడు కొట్టినట్టన్నమాట," అంది వదిన. "తగలెట్టి మళ్ళీ మొలిపించడం."

"అట్లనే అనుకో. ఇంతకీ ఇప్పుడు నీకిదేంది వదినా?"

"ఏంది ఏంది అంటావు, ఏటి అనడం ఎప్పుడు నేర్సుకుంటావే?" అంది. మా పుట్టిల్లు కోంటా వైపు. వాళ్ళది శ్రీకాకుళం నుంచి గని పనికి వచ్చిన కుటుంబం. పాతికేళ్ళుగా ఈ ఎగతాళి మా మధ్య ఉంది. కాసేపు నవ్వి, తర్వాత చెప్పింది. "బజార్లో కొత్త పార్లర్ తెరిసింది ఒక పిల్ల. దాని మొహం కొబ్బరి ముక్క. నా బోర్డు నా మొహమే కదా. ఈ బోర్డు సూసి ఎవులు లోపలికొస్తారు?"

అది ఒక కారణమే. రెండోది టీ తాగాక, కప్పు కడుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. దినాలప్పుడు ఆయనతో పనిచేసిన ఒకాయన పరామర్శకు వచ్చి, వదిన ముందు చేతులు జోడించి, మాతాజీ, కొడుకు పోయిన దుఃఖం ఎవరికీ రాకూడదు అన్నాడట. ఆమె తమ్ముడి కన్నా మూడేళ్ళే పెద్ద.

"నేను వాడి తల్లిలా ఉన్నానేటే?"

నేను లేదన్నాను. కానీ ఆ వర్షాకాలం తర్వాత ఆమె ముఖం మారిపోయిన మాట నిజం. నోటి పక్కల, కళ్ళ కింద, నుదుటి మీద గీతలు ఒక్కసారిగా పడ్డాయి. మారనిది ఒక్కటే. కుడి చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా, నీలం కలిసిన నల్లటి చుక్కలు. పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. ఆవగింజంతవి కొన్ని, అంతకన్నా చిన్నవి కొన్ని. వాటి మీద రోజూ పొద్దున్నే పౌడరు దట్టంగా అద్దుకునేది. పార్లర్‌కి వచ్చేవాళ్ళు అడిగితే పుట్టుమచ్చలు అనేది.

ఆయనకూ ఉండేవి, ఎడమ కణత మీద. ఆయన గని కంపెనీ కార్డులో గుర్తింపు చిహ్నం అన్నచోట పుట్టుమచ్చలు అనే రాసి ఉంది. పెళ్ళయిన కొత్తలో నేనూ నమ్మాను. అక్కకీ తమ్ముడికీ ఒకే రకం మచ్చలు ఉండటం రక్తసంబంధం అనుకున్నాను.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఒక మధ్యాహ్నం, కరెంటు లేక వరండాలో కూర్చున్నప్పుడు, ఆయన చెప్పారు. మా మామగారు కొండ కింద ఒక కాంట్రాక్టరు దగ్గర బండలు పేల్చే పని చేసేవారు. ఒక సెలవు రోజు కొంచెం బారూద్, అదే పేలుడు మందు, పొట్లం కట్టుకుని, పిల్లలిద్దర్నీ తీసుకుని చేపలు పేల్చడానికి వాగుకు వెళ్ళారు. బండ చాటున ఉండమన్నారు. పదేళ్ళ అక్క, ఏడేళ్ళ తమ్ముడు తలలు ఆనించి బండ పక్క నుంచి తొంగి చూశారు. వత్తి పొట్టిదైంది. పొట్లం నీళ్ళలో పడలేదు, ఒడ్డున పేలింది. తలలు రెండూ ఆనుకున్న చోట, ఆమె కుడి చెంపలో, ఆయన ఎడమ కణతలో బారూద్ దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే మామగారి పని పోతుంది, జైలు కూడా కావచ్చు. తీసుకెళ్ళలేదు. పసుపూ వెన్నా రాశారు. గాయాలు మానాయి, పొడి లోపలే ఉండిపోయింది. మా అత్తగారు పిల్లలిద్దరి చేత అన్నం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. అవి పుట్టుమచ్చలు. ఎవరడిగినా అంతే. ఎవరైనా ఆరా తీస్తారేమోనని వదినను అమ్మమ్మ ఊరు పంపేసింది. పదో తరగతి దాకా ఆమె అక్కడే చదివింది.

మామగారు పోయారు, అత్తగారు పోయారు, ఆ కాంట్రాక్టరూ లేడు. భయానికి మొదటి కారణం పోయింది. కానీ ఈలోగా ఈ నేల మారింది. జవాన్ల క్యాంపులు వచ్చాయి, బండ్లు ఆపి తనిఖీ చేసే నాకాలు వచ్చాయి. మా వైపు బారూద్ అన్న మాట వీధిలో పలకరు. ముఖంలో బారూద్ ఉన్న మనిషిని క్యాంపుల వాళ్ళు ఏమనుకుంటారో, అడవిలో వాళ్ళు ఏమనుకుంటారో చెప్పలేం. తల్లి పెట్టిన ఒట్టు వాళ్ళిద్దరికీ చర్మంలాగే అతుక్కుపోయింది.

"నీకు చెప్పినట్టు అక్కకి తెలియనివ్వకు. ఒట్టు తప్పానని బాధపడుతుంది," అన్నారు ఆయన. సరేనన్నాను.

వదిన నెల రోజులు రెండు కరపత్రాల మధ్య ఊగింది. కాల్చే రకం అయితే పది రోజులు పార్లర్ మూయాలి. "పొట్టు రాలే మొహంతో కూకుంటే ఫేషియల్‌కి ఎవులొస్తారే? సూసి పారిపోతారు." కాల్చని రకం అయితే నెలకోసారి జగదల్‌పూర్ ప్రయాణం. ఎండలో తిరగొద్దంటారు, మా ఊళ్ళో ఎండ ఒక్కటే కాదు. కొండ మీద గని నుంచి దిగే ఎర్ర ధూళి కిటికీ మూసినా బల్ల మీద కూర్చుంటుంది. "మన మొహాల మీద కొండ సగం ఉంది. ముందు దాన్ని తీసే లేజరుందేమో కనుక్కో," అనేది. చివరికి కాల్చనిదే తేల్చుకున్నాం. నిదానమైనది మేలని నేనే చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు నేను మచ్చల గురించి ఆలోచించలేదు. ముడతల గురించే ఆలోచించాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం బస్సెక్కాం. నెలకు రెండు శనివారాలు రాయపూర్ నుంచి డాక్టరమ్మ జగదల్‌పూర్ వస్తుంది. గీదం దాటాక నాకా దగ్గర బస్సు ఆపారు. మామూలే. ఒక జవాను లోపలికి వచ్చి సంచులు చూశాడు, ముఖాలు చూశాడు. క్లినిక్ వాళ్ళు ముఖానికి ఏమీ రాసుకోకుండా రమ్మన్నారు కాబట్టి వదిన ఆ రోజు పౌడరు వేసుకోలేదు. జవాను చూపు ఆమె చెంప మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. ఆ అబ్బాయి ఏమీ అడగలేదు, నమస్తే మాతాజీ అని ముందుకు కదిలాడు. వదిన చీర కొంగు లాగి చెంప మీదికి కప్పుకుంది. జగదల్‌పూర్ దాకా తీయలేదు.

క్లినిక్ చల్లగా ఉంది. కౌంటరు దగ్గర అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. వదిన దాన్ని నాకిచ్చింది. "నీ అక్షరాలు బాగుంటాయి."

హిందీలో ప్రశ్నలు. షుగరు ఉందా, బీపీ ఉందా, ఏ మందులు వాడుతున్నారు, పెదవుల మీద పొక్కులు వస్తుంటాయా. నేను అడుగుతున్నాను, ఆమె చెబుతోంది, రాస్తున్నాను. రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది. ముఖంపై పచ్చబొట్టు, లోహపు ముక్కలు, పేలుడు పదార్థపు రేణువులు ఏమైనా ఉన్నాయా? ఉంటే తప్పక తెలపండి, లేజరు వేడికి అవి అంటుకునే ప్రమాదం ఉంది.

రెండుసార్లు చదివాను. మూడోసారి పైకి చదివాను. గొంతు మామూలుగానే ఉంచాను.

"లేవు," అంది వదిన. "పుట్టుమచ్చలని రాయి."

ఆమె నా వైపు చూడలేదు. గోడ మీద ఉన్న నున్నటి ముఖం బొమ్మను చూస్తోంది. నేను లేవు అని రాసి, పక్కన పుట్టుమచ్చలు అని రాశాను. నా అక్షరాలు బాగున్నాయి.

డాక్టరమ్మకు ముప్పై ఐదేళ్ళుంటాయి. మర్యాదగా, ఓపికగా మాట్లాడింది. వదిన ముఖాన్ని దీపం కింద చూసింది. భూతద్దం లాంటిది చెంపకు ఆనించి చాలాసేపు చూసింది.

"ఆంటీజీ, ఇవి పుట్టుకతోనే ఉన్నాయా?"

"పుట్టుకతోనే. నా టెన్త్ సర్టిఫికెట్‌లో కూడా రాసుంది," అంది వదిన హిందీలో, గర్వంగా. నిజమే. గుర్తింపు చిహ్నాలు, ఒకటి, కుడి చెంపపై పుట్టుమచ్చ. తల్లి చెప్పిన అబద్ధం ప్రభుత్వ ముద్రతో పెట్టెలో ఉంది.

డాక్టరమ్మ ఫారం చూసింది. మళ్ళీ చెంప చూసింది. "పుట్టుమచ్చల్లా లేవే," అని తనలో తాను అన్నట్టు అని, తర్వాత చెప్పింది. మీరు అనుకున్న లేజరు ముడతలకే పనిచేస్తుంది. ఇక్కడ మూడో యంత్రం ఉంది. అతి తక్కువ సమయం కొట్టే కిరణం. ముడతలూ తగ్గుతాయి, ఈ రంగూ పోవచ్చు. ఒకే యంత్రం, రెండు పనులు. అయితే ముందు రెండు మూడు చుక్కల మీద కొట్టి చూద్దాం. అది చూడకుండా ముఖమంతా చేయను.

వదిన కళ్ళు వెలగడం చూశాను. నలభై ఏళ్ళకు పైగా పౌడరు కింద దాచిన వాటిని తీసేస్తానని మొదటిసారి ఒకరు అన్నారు. మేము నెల రోజులు బేరీజు వేసుకున్న రెండు కరపత్రాలు ఆ గదిలో అర నిమిషంలో పనికిరానివైపోయాయి.

"అదే సెయ్యమను," అంది నాతో తెలుగులో. "అడిగేదేటి?"

మొద్దుబారే క్రీము రాసి, చెంప మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, ముప్పావుగంట కూర్చోమన్నారు. ఆ ముప్పావుగంట సంగతే నేను చెప్పాల్సింది. గది బయట బెంచీ మీద ఇద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఆ ప్రశ్న నేను చదివాను. అంటుకునే ప్రమాదం అన్న మాటలు చదివాను. పై చుక్క కంటి రెప్పకు వేలెడు దూరంలో ఉంది.

నేను మాట్లాడలేదు. ఆయనకిచ్చిన మాట ఒక అడ్డం. దాన్ని దాటగలిగేదాన్నేమో. అసలు అడ్డం వేరే. ఆ చుక్కలు పోకూడదని నాకుంది. ఆయన కణతను చూసి ఎనిమిది నెలలైంది. ప్రతి ఆదివారం నా వంటింట్లో కూర్చుని వదిన పౌడరు చెమటకు కరిగినప్పుడు, ఆయనకు తగిలిన దానిలో మిగిలిన సగాన్ని నేను చూసేదాన్ని. ఇప్పుడు ఆపమని నోరు తెరిస్తే అది ఆమె కన్ను కోసమా, నా కోసమా? నా కోసమే అయితే ఆమె ముఖం మీద నాకేం హక్కు? ఇలా న్యాయంగా ఆలోచిస్తున్నానని అనుకుంటూ కూర్చున్నాను. గోడ గడియారంలో ముల్లు కదులుతూనే ఉంది.

"వాడుంటే నవ్వేవాడే," అంది వదిన సగం మొద్దుబారిన నోటితో. ఆయన ఉన్నప్పటి మాట ఆమె ఎత్తడం ఎనిమిది నెలల్లో అదే మొదలు. "ముసిల్దానికి సోకులేటే అనేవాడు."

"అనేవారు," అన్నాను.

లోపలికి పిలిచారు. నన్ను కూడా రానిచ్చారు, నల్లద్దాలు ఇచ్చి. వదినను పడుకోబెట్టి కళ్ళ మీద లోహపు కప్పులు పెట్టారు. డాక్టరమ్మ చేతిలో పెన్ను లాంటిది. చెవి కింద, దవడ అంచున ఒంటరిగా ఉన్న చుక్కను ఎంచుకుంది.

శబ్దం చిన్నది. పెనంలో ఆవగింజ చిటపటలాడినట్టు, ఒక్కటే. చిన్న నిప్పురవ్వ కనిపించింది. తర్వాత వాసన. దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన.

వదిన చెయ్యి బల్ల అంచును పట్టుకుంది.

"వెంట్రుక కాలిందేమో," అంది డాక్టరమ్మ. వంగి చూసింది. చుక్క ఉన్న చోట చిన్న గుంట, దానిలో నెత్తురు బొట్టు. "మరొకటి చూస్తేగానీ తెలియదు. ఇది విడిగా ఉన్న చుక్క, పైనున్నది చూద్దాం." పెన్ను కంటి కిందికి జరిగింది.

"ఆపండి," అన్నాను. "అవి పుట్టుమచ్చలు కావు."

"నువ్వు నోరు ముయ్యి," అంది వదిన తెలుగులో. కళ్ళ మీద కప్పులతోనే, కదలకుండా. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. పదేళ్ళ పిల్ల గొంతు అది.

"బారూద్," అన్నాను డాక్టరమ్మతో. "చిన్నప్పుడు పేలింది. ముఖంలో ఉన్నదంతా బారూద్."

డాక్టరమ్మ పెన్ను తీసి దూరంగా పెట్టింది. యంత్రం ఆపేసింది. నా మీద అరవలేదు, అరిస్తే బాగుండేది. కళ్ళ మీద కప్పులు తీసి, దవడకు మందు రాసి, దూది అంటించింది. ఒక్క చుక్కే కాబట్టి ఇంతటితో పోయిందని, చెంప మీద వరసగా కొట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని అంది. ఈ చెంప మీద ఇక ఏ లేజరూ వద్దని, ఎక్కడికి వెళ్ళినా ముందే చెప్పమని రెండుసార్లు చెప్పింది. కావాలంటే నుదురు వరకు ఆ నెమ్మదైన రకం చేయవచ్చు.

"నుదురొక్కటీ సేయించుకుని సగం బొమ్మలా తిరగమంటారేటి," అంది వదిన. అది తెలుగులో అంది కాబట్టి డాక్టరమ్మకు అర్థం కాలేదు.

తర్వాత డాక్టరమ్మ నేను రాసిన ఫారం తీసింది. పుట్టుమచ్చలు అన్న మాటను ఒక గీతతో కొట్టేసి, పక్కన బారూద్ అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేసింది. వదిన ఆ చేతినే చూస్తోంది. గాయం కన్నా ఆ గీత ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టిందని నాకు తెలిసింది.

తిరుగు బస్సులో వదిన దూది మీదికి కొంగు లాక్కుని కూర్చుంది. దంతెవాడ వచ్చాక కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"వాడు సెప్పీసాడా నీకు?"

"చెప్పారు."

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళయింది."

"మా ఆయనకి నేను సెప్పలేదే. కడుపున పుట్టిన పిల్లకి సెప్పలేదు. పురుడొచ్చినప్పుడు నర్సడిగితే సెప్పలేదు." కిటికీ నుంచి నా వైపు తిరిగింది. "నీకు తెలిసి, ఆ కాగితం మీద లేవని రాసావు."

నేను బస్సు టికెట్లు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం వదిన రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. మూడో ఆదివారం ఒక సంచీతో వచ్చి, సంచీ కింద పెట్టకుండానే అంది, "ఆ కాగితం తెచ్చేసుకుందాం పద."

శనివారం దాకా ఆగి, మళ్ళీ బస్సెక్కాం. నాకా దగ్గర అదే తనిఖీ. కొంగు కప్పుకుంది. కౌంటరు అమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టింది, కూర్చోమంది, నీళ్ళిచ్చింది. ఫారం ఇవ్వడం కుదరదంది. అది ఆంటీజీ మంచికే, రేపు ఎక్కడ చూపించుకున్నా పనికొస్తుందంది. కాగితం కూడా ఇక్కడ లేదు, స్కాన్ చేసి రాయపూర్ పంపేశాం, కంప్యూటర్లో ఉంది. పేరు కొడితే ఎక్కడైనా వస్తుంది, భయపడకండి అని నవ్వింది.

"ఎక్కడైనా వస్తాదా," అంది వదిన. ఆ పిల్ల ధైర్యం చెబుతోంది. వదిన చెంప మీద మిగిలిన చుక్కలు పాలిపోయిన చర్మంలో ఇంకా నల్లగా కనిపించాయి.

ఇది జరిగి రెండేళ్ళు. ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవచ్చు. దవడ మీద గుంట మానింది, పెసరగింజంత లోతు మిగిలింది. అందులో పౌడరు నిలవదు. వదిన మళ్ళీ ఆదివారాలు వస్తోంది. ముడతల సంగతి వదిలేసింది. కొత్త పార్లర్ పిల్ల ఇప్పుడు ఆమెను అమ్మమ్మా అంటుందట.

కానీ కిరండూల్‌లో ఆమె పార్లర్‌కి వెళ్ళినప్పుడు ఒకటి గమనించాను. ఇదివరకు కుర్చీ అద్దం వైపు ఉండేది. ఇప్పుడు వీధి వైపు తిప్పింది. దారం పట్టి ఎవరి కనుబొమలైనా తీస్తున్నప్పుడు, బయట ఏదైనా బండి ఆగితే ఆమె చెయ్యి ఆగుతుంది. బండి వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెడుతుంది. కుర్చీలో ఉన్నవాళ్ళకు ఇది తెలియదు.

ఇదంతా రాసుకుంటానని ఆమెను అడిగాను. దవడ మీది గుంటను వేలితో తడుముకుంది.

"రాసుకో," అంది చివరికి. "ఎలాగూ ఒక సోట రాసుంది కదా. ఈసారైనా సరిగ్గా రాయి."